కోటేశ్వరరావుగారి మే నెల స్నానం

అమెరికాలో మా నోవై ఊళ్ళో, మా వీధిలో కోటేశ్వరరావు బాబాయిగారి పేరెత్తితే చాలు, "ఆ లుంగీ అంకులా?" అని నవ్వుతారు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన మన సైన్యంలో హవల్దారుగా చేశారు. ఒకసారి ఆయనకు జ్వరమొస్తే, బదులుగా కాపలాకి వెళ్ళిన సింహాచలం మంచుపెళ్ళల కింద పడి చనిపోయాడు. ఏటా మే నెలలో ఆ స్నేహితుడి స్మారకం దగ్గరికి వెళ్ళి దండ వేసేవారు. కూతురు స్పందన దగ్గరికి వచ్చేశాక అదీ లేదు. కారు నడపడం రాదు, మూడేళ్ళ మనవరాలు అనికను చూసుకోవాలి.

"ఇదీ సెంట్రీ డ్యూటీయే రేణూ. కాకపోతే రిలీవర్ రాడు," అనేవారు నాతో.

ఇక్కడ చనిపోయిన సైనికులను తలుచుకునే మెమోరియల్ డే ముందు శనివారం వాలంటీర్లు సైనికుల సమాధుల ముందు చిన్న జెండాలు గుచ్చుతారు. రెండేళ్ళ కిందట ఆయన్ని నేనే తీసుకెళ్ళాను. ఇరవై రెండేళ్ళకే పోయిన ఎవరో కుర్రాడి రాయి దగ్గర ఆగారు. తడిగుడ్డతో తుడిచి, జెండా గుచ్చి, సెల్యూట్ కొట్టారు. "సింహాచలం, వచ్చాన్రా," అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

చిక్కంతా ఇంటికొచ్చాకే. శ్మశానం నుంచి వచ్చి, స్నానం చేయకుండా ఆయన గడప దాటరు. బాత్రూమేమో మేడ మీద. దేవుడి గది దాటుకుని పోవాలి. దాంతో లుంగీ కట్టుకుని, ఇంటి ముందు పచ్చికలోనే, మొక్కలకు నీళ్ళు పట్టే పైపుతో తలమీద పోసుకున్నారు. ఎదురింటావిడ ఫోటో తీసి వీధి గ్రూపులో పెట్టింది, మహాతల్లి! ఇళ్ళ అసోసియేషన్ నుంచి నోటీసొచ్చింది.

"నాన్నా, ప్లీజ్. ఇంకెప్పుడూ ఇలా చేయకు," అని స్పందన ఏడ్చింది. తిట్టినా పడేవారేమో, కూతురి ఏడుపుకి మాటిచ్చేశారు.

నిరుడు మళ్ళీ ఆయనే అడిగారు. "ఒక్క గంట తీసుకెళ్తావా అమ్మా? వాడు నాకోసం చూస్తుంటాడు."

తీసుకెళ్ళాను. తిరిగొచ్చాక వాకిట్లో నిలబడిపోయారు. పైపు ముట్టుకోకూడదు, లోపలికి పోకూడదు. మా ఇంట్లో చేద్దురుగాని రండి అంటే, "నీ ఇంటికి మాత్రం మైల తేవచ్చా?" అని కసిరారు. అరగంట అలాగే నిలబడ్డారు.

తలుపు పక్కన కెమెరాలోంచి స్పందన గొంతు వినిపించింది. "నాన్నా, ఆఫీసు రిలీజ్ కాల్‌లో ఉన్నా. లోపలికి రా, అనిక ఏడుస్తోంది."

అద్దం అవతల పిల్ల "తాతా!" అని ఒకటే గోల. ఆయన చెప్పులు విడిచి, పొడి తలతోనే గడప దాటారు. అనిక పరిగెత్తుకొచ్చి కాళ్ళు చుట్టేసింది. దాన్ని ముట్టుకోకూడదని, శత్రువుకి లొంగిపోయినవాడిలా రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు. ఆ ముఖం నేను చూడలేకపోయాను.

ఈ మే నెలలో నేనే అడిగాను, వెళ్దామా బాబాయిగారూ అని. ఆయన అనికకు జడ వేస్తున్నారు.

"డ్యూటీలో ఉన్నానమ్మా. ఒకసారి నా బదులు ఒకణ్ణి పంపి చూశాను గదా," అన్నారు తలెత్తకుండా. "నువ్వెళ్ళి వాడితో చెప్పు. కోటేశు ఇంక రాడని చెప్పు."

వెళ్ళాను. రాయి తుడిచి జెండా గుచ్చాను. ఆ మాట మాత్రం నా నోట రాలేదు.