శుక్రవారం పాఠం

మా ఊరి బడి పెద్దమేడం పోయిన కబురు హైదరాబాదులో ఉన్న నాకు దుబాయి నుంచి వచ్చింది. ఫోన్ చేసింది మా నాయిన.

"మీ పెద్దమేడం పోయిందట బిడ్డా. మా రూముల ఎవ్వలకు బువ్వ తినబుద్ధైతలేదు," అన్నాడు. ఆ రూములో చాలామంది ఆమెను సరిగా చూసింది కూడా లేదు. వాళ్లకు తెలిసింది ఫోన్లో విన్న గొంతే.

సారంగాపూర్ దగ్గర మాది ఏడో తరగతి దాకా ఉన్న సర్కారు బడి. నేను ఆరో తరగతిలోకి వచ్చిన ఏడాది ప్రైవేటు బడి పసుపు వ్యాను మా వాడకట్టులోకి రావడం మొదలైంది. వానలు లేక మగవాళ్లు గల్ఫుకు పోయారు. పిల్లల్ని ఏ బడిలో వేయాలో అక్కడి నుంచే చెప్పేవాళ్లు. బెంచీలు ఖాళీ అవుతుంటే బడి మూస్తారన్న మాట పుట్టింది. మూస్తే మగపిల్లలు వ్యాను ఎక్కుతారు. నాలాంటి ఆడపిల్లలు అమ్మ పక్కన బీడీల చాట పట్టుకుంటారు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

మేడం ఇల్లిల్లూ తిరిగారు. "మా చేతుల ఏమున్నది మేడం, ఆయన చెప్పాలె," అన్నారు తల్లులు.

"అయితే ఆయన్నే అడుగుదాం తియ్యి."

శుక్రవారం గల్ఫులో సెలవు. ఆ మధ్యాహ్నం మేడం తన ఫోన్‌ను వరండా కిటికీలో పెట్టి స్పీకర్ వేశారు. ఒక్కొక్కరం మా నాయినలకు పాఠం చదివి వినిపించాలి.

మా నాయిన మొదటే దెప్పాడు. "సర్కారు బల్లె ఏమస్తది మేడం, మధ్యాన్నం బువ్వ తప్ప?"

"బువ్వ గూడ మంచిగనే ఉంటది తమ్మీ, అచ్చినప్పుడు తిందువుగాని. సదువు సంగతి నీ బిడ్డ చెప్తది, ఇను."

ఇంగ్లీషు పాఠం సగంలో ఒక మాట తప్పు పలికాను. మేడం మెల్లగా సైగ చేస్తారనుకున్నాను. ఆమె ఫోన్లోకి వినబడేలా, "తప్పు. మళ్ల సదువు," అన్నారు. ఇక నాయిన బడి మాన్పిస్తాడని ఏడుపొచ్చింది. కూడబలుక్కుని చదివాను.

"ఇంకో పేజీ సదువుమనుండ్రి మేడం," అన్నాడు నాయిన.

అట్లా ఎందుకు చేశారని తర్వాత అడిగాను. "మీ నాయినకు ఇంగ్లీషు రాదు బిడ్డా. నువ్వు గడగడ సదివితే ఆయనకేం ఎరుక? దిద్దెటోళ్లు ఉన్నరని తెలిస్తే నమ్ముతడు," అన్నారు.

వ్యాను ఎక్కిన వాళ్లలో కొందరు తిరిగొచ్చారు. అందరూ కాదు. బడి మాత్రం నిలిచింది, వారం వారం శుక్రవారం పాఠం నిలిచింది, నేనూ నిలిచాను.

ఆమె సంచిలో ఒక చెక్క దువ్వెన ఉండేది. పొద్దుగాలే బీడీలకు కూర్చున్న తల్లుల బిడ్డలకు బడిలో జడలేస్తూ ఎక్కాలు అప్పజెప్పించుకునేవారు. ఎక్కం తప్పితే జడ బిగుసుకునేది. ఇప్పటికీ లెక్క తప్పినప్పుడు నా నెత్తి చుర్రుమంటుంది.

మొన్న శుక్రవారం బడికి పోయాను. కొత్త టీచర్ తన ఫోన్‌ను అదే కిటికీలో పెట్టింది. పక్కనున్న మేడం కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఆరో తరగతి పిల్ల చదువుతూ ఒక మాట దగ్గర తడబడింది. అలవాటుగా ఆ కుర్చీ వైపు చూసి ఆగిపోయింది.

కిటికీలోంచి వాళ్ల నాయిన గొంతు వచ్చింది.

"తప్పు వోయిందా బిడ్డా? మళ్ల సదువు. నేనింటున్న."