మాడు మీద పోసిన మందు

ఏడాది నిండినా మా అమ్మాయి నిలబడితే కాళ్ళు వంగిపోయేవి. పలాసలో పిల్లల డాక్టరు దాని మణికట్లు నొక్కి చూసి, విటమిన్ డి చుక్కలు రాసిచ్చాడు. "బిడ్డకి ఎండ తగలనివ్వరా?" అని అడిగాడు. మనవరాలు నల్లబడుతుందని మా అత్త గుమ్మం దాటనిచ్చేది కాదు. ఆ మాట చెప్పడానికి నాకు పరువు అడ్డొచ్చింది.

నేనప్పుడు పలాసలో టీచర్ని. పొద్దున్నే మా ఊరి స్టేషను సుమ్మాదేవిలో పాసింజరెక్కాలి. సీసా అత్త చేతిలో పెట్టి, రోజుకెన్ని చుక్కలో చెప్పి పోయేదాన్ని. నోట్లో వెయ్యమని చెప్పలేదు. మందు ఇంకెక్కడ వేస్తారు?

రెండు సీసాలైపోయాయి, కాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. బోరింగు దగ్గర ఆడవాళ్ళందరి ముందూ అత్త తేల్చేసింది. "మందుదేటి తప్పు? దీని పుట్టింటోల కాళ్ళే అంత!"

ఒకరోజు బడి ఒంటిపూటకే వదిలేశారు. ఇంటికొచ్చేసరికి అత్త కాళ్ళు చాపుకుని, పిల్లని వాటి మీద పడుకోబెట్టుకుని, దాని మాడు మీద చుక్కలు పిండి అరచేత్తో తట్టి ఇంకిస్తోంది. మా ఊళ్ళో పసిపిల్లలకి ఆముదం పెట్టేది అలాగే.

"ఏటి సేత్తన్నావత్తా?"

"నూనిలాగుంది గదే. నూని మాడుకెయ్యక గొంతులో పోత్తారేటి? నానెంతమంది గుంటల్ని పెంచలేదు!"

ఆ రోజు నుంచి మందు నేనే నోట్లో వేశాను. పొద్దుటెండలో కూర్చోబెట్టాను. నడక వచ్చింది గానీ కుడి మోకాలి వంపు పూర్తిగా పోలేదు. బడిలో దాన్ని ఎవరైనా వెక్కిరిస్తే నా ఒళ్ళు మండిపోయేది. అత్త మాత్రం పుట్టింటి మాట వెనక్కి తీసుకోలేదు. నేనూ మరిచిపోలేదు.

కొన్నేళ్ళకి అత్తకి మోకాళ్ళు పట్టేశాయి. టెక్కలి డాక్టరు ఆ విటమినే పొట్లాల్లో ఇచ్చాడు, వారానికొకటి పాలల్లో కలిపి తాగమని. నాకు పండగే. వీధి అరుగు మీద ఆడవాళ్ళంతా కూర్చుని ఉండగా మొదటి పొట్లం చింపి, ఆవిడ నడినెత్తిన కుమ్మరించి, అరచేత్తో గట్టిగా తట్టాను.

"ఓలమ్మీ! ఏటే ఇది?"

"గుంటకేసిన మందేనత్తా. మాడుకే గదా!"

ఎవరూ నవ్వలేదు. నెరిసిన జుట్టులోంచి పొడి భుజాల మీదికి రాలింది. నా కూతురు కుంటుకుంటూ లోపలికి వెళ్ళి, ఇంకో పొట్లం కలిపిన పాలగ్లాసు తెచ్చి నానమ్మ చేతికిచ్చింది.

అత్త తాగలేదు. దాని మోకాలినే చూస్తూ, "మీయమ్మోల కాళ్ళు కావే ఇవి. నాను సేసిన పని" అంది.

అరుగు మీద అందరూ విన్నారు. నాకది చాల్లేదు.