కొడుకు మాట అయిపోయాక కూడా వినమన్న చాచా

ఈ నెల ఇరవై ఆరున హైదరాబాద్ నుంచి కంపెనీ వాళ్లు వచ్చి మా కొట్టులోని ఆంప్లిఫయర్‌ను తీసుకుపోతారు. అంతలోపు ఒక అవ్వ గొంతును ఆమె ఇంటివాళ్లకు దాని మీద వినిపించాలి. ఆ ఇంటివాళ్లెవరో తెలిసిన ఒకే ఒక్క మనిషి, మా కొట్టు చాచా, పోయిన మంగళవారం చనిపోయారు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. రాస్తున్నాను గానీ, నాకింకా నమ్మకం కుదరడం లేదు. సోమవారం నా డబ్బాలోని చింతకాయ తొక్కు సగం తినేసి, కారం తక్కువైందని వంకపెట్టిన మనిషి ఆయన.

కరీంనగర్‌లో పైన ఇల్లు, కింద కొట్టు చాచాది. ఒకప్పుడు టేప్‌రికార్డర్లు బాగుచేసేవారట. నేను పనిలో చేరేనాటికి ఖరీదైన స్టీరియో ఆంప్లిఫయర్లు అమ్ముతున్నారు. ఇంటర్నెట్‌లోని పాటను నేరుగా అందుకొని వాయించే రకం అవి. ఫోన్లో పాట ఎంచుకుంటే చాలు, స్పీకర్లు తప్ప మరో పెట్టె అక్కర్లేదు. వచ్చినవాళ్లకు వినిపించడానికి కంపెనీ ఒకటి కొట్టులో ఉంచింది. దాని ఎదుట ఒక కుర్చీ. డాక్టర్లు, మిల్లుల వాళ్లు అందులో కూర్చుంటే చాచా వాళ్లడిగిన పాట వేసేవారు. ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, పాత క్యాసెట్టు నుంచి ఎక్కించిన తన తల్లి మాటలు వేసేవారు.

మంచిర్యాల సేటు ఒకాయన నవ్వాడు. “లోకంల ఉన్న పాటలన్నీ ఈ పెట్టెలనే వస్తయంటివి. మీ అమ్మీ ముచ్చట్లు పెట్టవడితివి చాచా.”

“పాట పెట్టె తప్పును దాస్తది సేటూ. మనిషి మాట దాయది. మా అమ్మీ మా అమ్మీ లెక్క వినవడితెనే పెట్టె మంచిదన్నట్టు.”

సేటు నవ్వడం ఆపి, మళ్లీ వేయమన్నాడు.

మా వైపు దుబాయి, మస్కట్ పోయిన కొడుకులకు చదువురాని తల్లులు ఉత్తరాలు రాయలేదు. క్యాసెట్టులో మాట్లాడి, అటు పోయే ఊరివాళ్ల చేతికిచ్చి పంపారు. కొత్తది కొనడం ఎందుకని కొడుకులు అదే క్యాసెట్టు మీద జవాబు నింపి తిప్పి పంపారు. అట్లా తల్లి మాటల మీద కొడుకు మాటలు పడ్డాయి. ఇళ్లలో మిగిలినవి కొడుకుల గొంతులే. తల్లులవి చెరిగిపోయాయని అందరమూ అనుకున్నాం.

మా ఇంట్లో బడికి పోయింది నేనే మొదలు. డిగ్రీ చదివేటప్పుడు, మా నాన్న, బాపు, మస్కట్ నుంచి పంపిన క్యాసెట్టును సుల్తానాబాద్ దగ్గరి మా ఊరి నుంచి తెచ్చి చాచాకిచ్చాను, కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టమని. రెండు వారాలకు కబురు పంపారు. బాపును తీసుకొని రమ్మన్నారు. ఫోన్‌కు పంపితే చాలు కదా అంటే ఒప్పుకోలేదు.

“పోయినోల్ల గొంతు మొదటిసారి ఫోన్ల వినొద్దు బేటా. ఎదురుంగ కూసున్నట్టు వినాలె.”

పోయినవాళ్లెవరో నాకర్థం కాలేదు. బాపు కుర్చీ అంచున కూర్చున్నాడు. పాతికేళ్ల వయసు నాటి ఆయన గొంతు ఇటుకల పని గురించి, ఎండ గురించి చెప్పి ఆగింది. బాపు సిగ్గుపడి లేవబోయాడు.

“కూసో అన్నా,” అన్నారు చాచా. “కొడుకు ముచ్చట అయినంక జరసేపు ఆగాలె. ఎనుక అవ్వ ఉంటది.”

టేపు సన్నటి బుస తప్ప ఏమీ లేదు. తర్వాత నేనెప్పుడూ చూడని మా నానమ్మ, మాట మధ్యలోంచి, మా ముందుకు వచ్చింది. బాపు జవాబు ఆమె నింపి పంపినదాని కన్నా చిన్నది. అందుకే ఆమె మాటల చివర చెరగకుండా మిగిలింది. తిన్నవా కొడుకా, అన్నం ఎవలు వండుతున్రు అని అడిగింది.

“నేనే వండుకుంటున్ననే అవ్వ,” అన్నాడు బాపు, పైకే.

చాచా గోడ వైపు తిరిగి, బాగానే ఉన్న తీగను సవరిస్తూ నిలబడ్డారు. పరీక్షలు అవగానే నేను ఆ కొట్టులోనే పనికి చేరాను.

ఆయన క్యాసెట్ల మీద పేర్లు రాసేవారు కాదు. రాయమని నేనెన్నిసార్లు పోరానో. తెచ్చినోల్ల ముఖం యాదికుంటది బేటా, ఫికర్ చెయ్యకు అనేవారు. ఏ ఇంటివారూ తమది కాని గొంతు విని ఇంటికి పోలేదు, నిజమే.

మంగళవారం మధ్యాహ్నం నేను తిని వచ్చేసరికి చాచా ఆ కుర్చీలో కళ్లు మూసుకొని ఉన్నారు. ఆంప్లిఫయర్‌కు తగిలించిన టేప్‌రికార్డర్‌లో క్యాసెట్టు తిరుగుతోంది. ఎవరో కొడుకు మాట అయిపోయి బుస వస్తోంది. బుస వచ్చేటప్పుడు మాట్లాడకూడదని మా కొట్టు పద్ధతి. తలుపు దగ్గరే నిలబడ్డాను. అప్పుడొక అవ్వ మాట్లాడింది.

“…బర్రె ఈనింది కొడుకా. దుడ్డె ఒక్కకాడ నిలవడది, నీ లెక్కనే. జున్ను వాడకట్టంత పంచిన. నీ వంతు నేనే తిన్న, ఏమనుకోకు.”

నేను నవ్వాను. ఆయనా నవ్వుతారని చూశాను. నవ్వలేదు. దగ్గరకు వెళ్లి చాచా అని పిలిచాను. భుజం మీద చెయ్యి వేశాను. వెనక ఆ అవ్వ మాట్లాడుతూనే ఉంది. గుండె ఆగిందన్నారు డాక్టరు, నేను రాకముందే పోయి ఉంటారన్నారు. గుండెనొప్పి అని ఆయన ఒక్కనాడూ అనలేదు.

మిగతా క్యాసెట్ల వాళ్లు చావు కబురు విని వచ్చి తమవి గుర్తుపట్టారు, విన్నారు. ఆ మంగళవారం తిరుగుతున్న క్యాసెట్టు ఒక్కటే మిగిలింది. ఫోన్లో పంపేదైతే ఎప్పుడైనా పంపొచ్చు. చాచా భార్య, మా చాచీ, ఒప్పుకోవడం లేదు. “ఆయన మాట ఇచ్చిండు. వాళ్లు విన్నంకనే పెట్టె పోవాలె,” అంటోంది.

ఆ అవ్వ మాట తీరు భైంసా వైపుది. మధ్యమధ్య మరాఠీ మాటలు దొర్లుతాయి. కొడుకు గొంతు లేతది, ఇరవై దాటి ఉండదు. ఆయన ఇప్పుడు మీ నాన్నో, మీ చిన్నాన్నో, మీరో కావచ్చు. ఆ దుడ్డెకు, ఆ బర్రెదూడకు, ఆమె ఒక పేరు పెట్టింది. ఆ పేరు క్యాసెట్టులో ఉంది. నేనిక్కడ రాయడం లేదు, అది ఆమె ఇంటివాళ్లకే తెలుస్తుంది. ఇరవై ఐదో తారీఖు లోపల, ఈ పత్రికకు ఆ పేరొక్కటి రాసి పంపండి. ఆ పెట్టె మీద అంతా తేటగా వినిపిస్తుంది. ఆమె ఆ పేరు పెట్టి పిలవగానే, దూరంగా మెడగంట ఒకటి కదులుతూ దగ్గరకు వస్తుంది.