ముప్పై ఎనిమిదో ఏట కట్టిన తెల్లచీర

ఆదోనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు పనికి చేరేనాటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. ఎమర్జెన్సీ అయిపోయిన మరుసటి ఏడాది అది. మాది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. పెళ్లయిన నాటి నుంచి రాట్నం మీద కండెలు చుట్టడం, తెగిన పోగులు అతకడం, వంట, ఇద్దరు ఆడపిల్లల పెంపకం, ఇంతే నా రోజు. పదకొండో క్లాసు పాసయ్యానన్న సంగతి నాకే ఎప్పుడో ఒకసారి గుర్తొచ్చేది.

ఆ పనికి దారి మా అత్త కాలిపుండు వల్ల పడింది. ఆమెకు చక్కెర జబ్బు. ముల్లు గుచ్చుకున్న చోట పుండు లేచి, ఎంతకీ మానలేదు. ఆదోని డాక్టరు రెండు వేళ్లు తీసేసి, రోజూ కట్టు మార్చాలన్నాడు. రోజూ అంత దూరం ఆమెను బస్సులో తీసుకురావడం కుదరదని చెబితే, కట్టు కట్టడం నాకే నేర్పించాడు. ఏడు నెలలు కట్టాను. చీము ఎక్కడ దాక్కుంటుందో, ఎర్రటి కొత్త కండ ఎట్లా వస్తుందో, కట్టు ఎంత బిగించాలో ఆ కాలే నాకు నేర్పింది. ఏడో నెలలో మా అత్త చెప్పు వేసుకుని వీధిలోకి నడిచింది.

ఆఖరిసారి చూపించడానికి పోయినప్పుడు డాక్టరు ఆ పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీ చెయ్యి శానా తేలికమ్మా. మా దగ్గర మనుషులు చాలట్లేదు. పనికి వస్తావా?" అన్నాడు.

నేను నవ్వి ఊరుకున్నాను. అయితే తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నానే గానీ, ఏ ఊరు ఎప్పుడు దాటిందో నాకు తెలియలేదు. సర్కారు నర్సింగు బడిలో చేరే వయసు ఎన్నడో దాటిపోయింది. నన్ను ఇంకెవరూ అడగరు. ఈ ఒక్క మనిషి అడిగాడు.

ఇంట్లో చెబితే మా అత్త అడ్డు చెప్పలేదు. వీధిలో వాళ్లే అన్నారు. "మొగుడు బతికుండంగా తెల్లచీర కట్టుకుంటావా వదినా?" అని పక్కింటామె అడిగింది. ఊరోళ్ల మలమూత్రాలు ఎత్తే పని మన కులంలో ఎవరు చేసినారని మా చిన్నమామ వచ్చి కూర్చున్నాడు. మా ఆయన మగ్గం గుంటలోంచి లేవకుండానే ఆయన మాటలన్నీ విన్నాడు. చిన్నమామ పోయాక, "నీకు పోవాలనుందా?" అని అడిగాడు. ఉందన్నాను. "అయితే పో. బస్సు ఎన్ని గంటలకో కనుక్కో" అన్నాడు.

ఆసుపత్రిలో పదిహేను మంచాలు. డాక్టరు కాకుండా నర్సులు నలుగురు. వాళ్ల మీద పెద్ద సిస్టరు. ఆమె గుంటూరు వైపు మనిషి. మూడున్నరేళ్లు చదివి, పట్టా తెచ్చుకుంది. నాకన్నా అయిదారేళ్లు చిన్నదే. మొదటిరోజు నన్ను పైనించి కిందికి చూసి, "ఎక్కడ ట్రైనింగు?" అంది.

"యాడా లేదు సిస్టర్. మా అత్తకు ఇంటికాడ కట్టు కట్టినా" అన్నాను.

ఆమె పక్కనున్న నర్సుల వైపు తిరిగింది. "విన్నారా? యాడా లేదంట. కట్టినా అంట" అంది. వాళ్లు నవ్వారు. ఆ తర్వాత ఆ ఆసుపత్రిలో నేను నోరు తెరిచిన ప్రతిసారీ నా మాట ఎవరో ఒకరు తిరిగి పలికేవారు. కొన్నాళ్లకు మాట్లాడే ముందు మనసులో ఒకసారి దిద్దుకోవడం అలవాటయింది. దిద్దుకునేలోపల చెప్పాల్సిన అదను పోయేది.

నాకు ఇచ్చినవి మలం పళ్లేలు కడగడం, పక్కదుప్పట్లు మార్చడం. అవి చేయడానికి నాకు బాధ లేదు. కొత్తవాళ్లకు అవే ఇస్తారనుకున్నాను. బాధపెట్టినవి వేరే. పొద్దున డ్యూటీ మారేటప్పుడు ఏ రోగి ఎట్లా ఉన్నాడో ఒకరికొకరు చెప్పుకుంటారు. నేను దగ్గరికి పోతే ఆ మాటలు ఆగిపోయేవి. రోగి ఎవరైనా నన్ను ఏదైనా అడిగితే, "ఆమెను అడక్కండి, ఆమెకేం తెలీదు" అని పెద్ద సిస్టరు గది ఆ చివర నుంచి కేకేసేది. నేను పరిచిన దుప్పటిని లాగేసి మళ్లీ పరచమనేది. ఒకనాడు ఒకే మంచం ఆరుసార్లు పరిచాను. ఆ మంచం మీద ఉండాల్సిన ముసలాయన గోడకు ఆనుకుని నిలబడి, "సాల్లేమ్మా, నేను పండుకుంటా" అని ఆమెను బతిమాలాడు. మధ్యాహ్నం టీ వచ్చినప్పుడు గ్లాసులు ఒకటి తక్కువ వచ్చేవి. నన్ను చిన్న నర్సులు 'అవ్వ' అని పిలిచేవాళ్లు. నాకప్పుడు ఒక్క తెల్లవెంట్రుక కూడా లేదు.

ఇవన్నీ రాస్తుంటే చాలా చిన్న విషయాలుగా కనిపిస్తాయి. ఇంటికి పోయి చెబుదామన్నా చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు. గ్లాసు తక్కువ వచ్చిందని ఎవరితో ఏమని చెబుతాం?

నాలుగో నెలలో సిరంజిల గొడవ జరిగింది. ఆ రోజుల్లో సూదిమందుకు గాజు సిరంజిలే. వాటిని నీళ్లలో ఉడకబెట్టి వాడేవాళ్లం. ఒకరోజు పొద్దున ఎవరో వాటిని స్టవ్వు మీద పెట్టి మరిచిపోయారు. నీళ్లన్నీ ఇగిరిపోయి, సిరంజిలు టపటపా పగిలాయి. ఆ చప్పుడుకు నేను కడుగుతున్న పళ్లెం వదిలేసి పరుగెత్తాను. స్టవ్వు ఆర్పింది నేనే. అప్పటికి అందరూ వచ్చారు. స్టవ్వు దగ్గర ఉన్నది నేను.

పెట్టింది ఎవరో నాకు తెలుసు. అందరిలోకీ చిన్నదైన నర్సు ఆ గిన్నె స్టవ్వు మీద పెట్టడం నేను పొద్దున చూశాను. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. ముఖం పాలిపోయి ఉంది.

డాక్టరు వచ్చి, "ఎవరు పెట్టినారు?" అని అరిచాడు. పెద్ద సిస్టరు తడుముకోకుండా నా వైపు చూపించింది.

"నేను పెట్టలేదు సార్" అన్నాను.

"మరి నువ్వెందుకున్నావు ఈడ?"

జవాబు చెప్పేలోపల ఆయన తిట్టడం మొదలుపెట్టాడు. వరండాలో ఉన్న రోగులందరూ తలలు తిప్పి చూస్తున్నారు. చెయ్యి తేలికన్న మనిషే, బుర్ర లేని ఆడవాళ్లను తెచ్చిపెట్టుకోవడం తన తప్పన్నాడు. నేను చిన్న నర్సు వైపు చూశాను. ఆమె నేల చూసింది. నేను ఆమె పేరు చెప్పలేదు. దయ వల్ల చెప్పలేదని చాలాకాలం అనుకున్నాను గానీ, నిజానికి చెప్పినా ఎవరూ నమ్మరని తెలిసి ఊరుకున్నాను.

మరుసటి రోజు పోలేదు. ఆ పై రోజూ పోలేదు. మా ఆయన అడిగితే జరిగింది చెప్పాను. ఆయన ఆసుపత్రిని తిట్టలేదు, నన్ను ఓదార్చలేదు. "వాళ్లు తరిమితే వచ్చేసినావా, నీకే సాలనిపించి వచ్చేసినావా? అది తేల్చుకో. మిగతాది నేను సూసుకుంటా" అన్నాడు.

రెండురోజులూ కండెలు చుడుతూ దాని గురించే ఆలోచించాను. తేలలేదు. ఆ వయసులో మొదలుపెట్టడమే తప్పేమో అనిపించింది. పద్దెనిమిదేళ్ల పిల్లయితే తిట్లు పడుతుంది, ఏడుస్తుంది, మరిచిపోతుంది. ఒక ఇల్లు నడిపిన మనిషికి, బిడ్డలను పెంచిన మనిషికి, ఇంకొకరి ముందు ఏమీ తెలియనిదానిలా నిలబడటం వేరు. ఒళ్లు వంగుతుంది గానీ మనసు వంగదు.

నన్ను మళ్లీ బస్సెక్కించింది ఒక రోగి. పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసే ఆమె. మిషన్లో చెయ్యి పడి, తోలు మోచేతి దాకా లేచిపోయింది. కట్టు మార్చేటప్పుడు ఆమె పెట్టే కేకలు వీధిలోకి వినబడేవి. ఒకరోజు మిగతావాళ్లు పనిలో ఉంటే నేను మార్చాను. ఉప్పునీళ్లతో గుడ్డ బాగా నానేదాకా ఆగి, కొంచెం కొంచెంగా తీశాను. ఆమె కేక పెట్టలేదు. అప్పటినుంచి నేనే కావాలని పట్టుబట్టేది. నేను పోకపోతే ఎండిపోయిన కట్టును ఎవరో లాగేస్తుంటారని, ఇంట్లో కూర్చుంటే ఆ చెయ్యే కళ్ల ముందుకు వచ్చింది.

మూడోరోజు పోయాను. అనుకున్నట్టే పుండు మళ్లీ నెత్తురు కారుతోంది. ఆమె నన్ను చూసి, "యాడికి పోయినావక్కా?" అని ఏడ్చింది. గుడ్డ నానబెట్టి కూర్చున్నాను. పెద్ద సిస్టరు వచ్చి నా వెనక నిలబడింది. కట్టు పూర్తయ్యేదాకా నిలబడి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం దుప్పట్లు పెట్టే గదిలో ఆమె ఒక్కతే ఉంటే వెళ్లి తలుపు దగ్గరికి వేశాను. "సిస్టర్, సిరంజిలు ఎవరు పెట్టినారో మీకు తెలుసు. నా మీదెందుకు ఏసినారు?" అని అడిగాను. ఈసారి నా మాటను దిద్దుకోలేదు.

ఆమె దుప్పటి మడతపెట్టడం ఆపలేదు. "ఆ పిల్లని తీసేస్తే దానికి వెళ్లడానికి చోటు లేదు. నీకు ఇల్లుంది, మొగుడున్నాడు. నువ్వు పోతే బతుకుతావు" అంది.

"అంతేనా?"

అప్పుడు ఆగింది. "అంతే కాదు. నేను మూడున్నరేళ్లు హాస్టల్లో ఉండి చదివాను. ఆపరేషన్ గదిలో ఆయన నా మీద కత్తెరలు విసిరితే ఏరుకుంటాను. ఎనిమిదేళ్లలో ఒక్కరోజు నా చెయ్యి బాగుందని అనలేదు. నువ్వు ఇంట్లో ముసలమ్మకి కట్టు కట్టి వచ్చావు. మా అందరి ముందు నీ సంగతి ఎత్తి, ఆమెను చూసి నేర్చుకోండి అన్నాడు. నువ్వు చేరకముందే అన్నాడు. నీకు తెలుసా?"

నాకు తెలియదు. ఆ మాట విన్నాక కోపం పోలేదు గానీ, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియకుండా పోయింది.

"అయితే నాకు సదువు లేదు కదా, నేర్పియ్యండి" అన్నాను.

"నేర్పించను" అంది. చాలా మామూలుగా అంది. మడత పెట్టిన దుప్పట్లు నా చేతుల్లో పెట్టి, "అయిదో మంచానికి వెయ్యి" అంది.

అన్న మాట మీదే నిలబడింది. నాకు పని నేర్పింది ఆ చిన్న నర్సు. ఒకరోజు భోజనాల వేళ నా పక్కకు వచ్చి కూర్చుని, "అక్కా, ఆ పొద్దు నేను నోరిప్పలేకపోయినా" అంది. మరునాడు బత్తాయి పండు ఒకటి, పగుళ్లు లేని పాత సిరంజి ఒకటి తెచ్చి, సూది ఎంత వాలుగా గుచ్చాలో చూపించింది. నాడి పట్టడం, జ్వరం చీటీ రాయడం, మందుల ఇంగ్లీషు పేర్లు చదవడం అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నా పెద్దకూతురి కంటే నాలుగేళ్లే పెద్దది. తప్పు చేస్తే చేతి మీద కొట్టేది. అది నాకు అవమానం అనిపించలేదు.

రెండేళ్లకు పెద్ద సిస్టరుకు సర్కారు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. వెళ్లేరోజు అందరికీ వెళ్లొస్తానని చెప్పింది, నాకూ చెప్పింది. ఆమె నాకు చేసిన వాటిని నేను క్షమించానా అని ఎవరైనా అడిగితే చెప్పలేను. కాకపోతే, చావుబతుకుల్లో ఉన్న కాన్పు మనిషి దగ్గర ఆమె నిలబడ్డ తీరు చూశాను. నాకు జబ్బు చేస్తే ఆమె చేతుల్లోనే పడాలనుకుంటాను.

నేను ఆ ఆసుపత్రిలో పదకొండేళ్లు చేశాను. చివరి నాలుగేళ్లు కొత్తగా చేరినవాళ్లకు పని చెప్పే బాధ్యత నా మీదే పడింది. ఒకసారి దేవనకొండ వైపు నుంచి ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. వేరుశనగ చేలల్లో కూలికి పోయిన చేతులు. చేరేముందు, "ఈ వయసులో నాకొస్తుందా అక్కా?" అని నన్ను అడిగింది. వస్తుందన్నాను. మనుషులు మాటలంటారు, ఓర్చుకోవాలి అని కూడా చెప్పాను. ఆ అనేవాళ్లలో నేనూ ఉంటానని చెప్పలేదు. అప్పటికి నాకే తెలియదు.

మూడోవారంలో ఆమె ఇద్దరు రోగుల మందులు తారుమారు చేయబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆపి ఊరుకోవాల్సింది. వార్డంతా వినేటట్టు, "ఎన్నిసార్లు సెప్పాల నీకు? తలకాయలో ఏముంది?" అని అరిచాను. ఆమె మందుల పళ్లెం బల్ల మీద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. మరుసటి రోజు రాలేదు.

మూడురోజులు చూసి, ఆదివారం నాడు బస్సెక్కి వాళ్ల ఊరికి పోయాను. ఆమె ఇంటి ముందు చేటలో శనగకాయలు ఏరుతూ ఉంది. నన్ను చూసి లేచి, చాప వేసి, మజ్జిగ ఇచ్చింది.

"నేనట్ల అనింది తప్పే. రా, పోదాం" అన్నాను.

"అయ్యో, నీ మాటకు కాదక్కా" అంది. "నాకు ఆ మందుల వాసన పడలా. తల తిరుగుతాంది. అందుకే మానుకున్నా."

ఆమె ముఖంలోకి చూశాను. నిజం చెబుతోందో, నన్ను నొప్పించకూడదని అంటోందో పోల్చుకోలేకపోయాను. ఏళ్ల తరబడి రోగుల ముఖాలు చదివిన దాన్ని. నా మాటకేనా అని ఇంకోసారి అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. శనగకాయలు కొన్ని నా సంచిలో పోసి, బస్టాపు దాకా నాతో నడిచి వచ్చింది. బస్సు వచ్చేదాకా ఇద్దరం వానల గురించి మాట్లాడుకున్నాం.