శెట్టితాత వదులుకున్న బోణీ

నా చిన్నప్పుడు ఆత్మకూరు బజారులో పిల్లలందరికీ హడలు పుట్టించే మనిషి ఒకాయన ఉండేవాడు. బెల్లం, పప్పులు, ఎద్దులకు పెట్టే తెలగపిండి అమ్మే అంగడి ఆయనది. మేము శెట్టితాత అనేవాళ్లం, అదీ ఆయనకు వినపడనంత దూరంలో. మిగతా అంగళ్లలో సరుకు కొంటే పిల్లల చేతిలో ఇంత బెల్లం ముక్క పెట్టేవాళ్లు. ఈయన పెట్టేవాడు కాదు. తక్కెడ ముల్లు నిలిచేదాకా రెప్ప వెయ్యకుండా చూసి, పొట్లం కట్టి, ఇక పో అన్నట్టు గడ్డం ఎగరేసేవాడు. అలాంటి మనిషిని ఇన్నేళ్ల తర్వాత తలుచుకుని మురిసిపోతుంటే మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ, వాళ్లకేం తెలుసు.

ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన కొత్త అది. నేను నాలుగు ముగించి అయిదో తరగతిలోకి వచ్చాను. మా బడికి ఉన్నవి రెండే గదులు. అయిదో తరగతి పక్కనే వేసిన బోదగడ్డి కొట్టంలో నడిచేది. ఎండాకాలం సెలవుల్లో ఒక సాయంత్రం గాలిదుమారం లేచి ఆ కొట్టాన్ని కాస్తా ఎత్తుకుపోయింది. బడి తెరిచే నాటికి గుంజలు తప్ప ఇంకేమీ మిగల్లేదు. మా పంతులుగారు డబ్బు కోసం నెల్లూరు జిల్లా బోర్డుకు అర్జీ పంపించారు గానీ, ఆ డబ్బు వచ్చినప్పటి మాట అనీ, మా వైపు ఎండలో పిల్లల్ని కూర్చోబెట్టి చంపుకోలేననీ, కొట్టం లేవకపోతే ఈ ఏటికి అయిదో తరగతి లేనట్టేననీ తేల్చి చెప్పేశారు.

మగపిల్లలకు అదేమంత కష్టం కాదు, ఒక ఏడు గోలీలాడుకునేవాళ్లు. నాకు మాత్రం ప్రాణం మీదికొచ్చింది. ఎందుకంటే మా నాయన ఆ మాట వినీ వినగానే, అదీ ఒకందుకు మంచిదేలే, సంతకం వచ్చింది, లెక్క వచ్చింది, నాలుగు చాలు, ఇక ఇంట్లో పని నేర్చుకోనీ అనేశాడు. మా నాయన చెడ్డవాడు కాడు. ఆడపిల్ల చదువు మానడానికి ఏదో ఒక సాకు దొరికితే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే కాలం అది. ఆయనా ఆ కాలం మనిషే. కానీ ఒక్కసారి మానితే మళ్లీ ఆ గడప తొక్కనివ్వరని నాకు బాగా తెలుసు.

చివరికి పంతులుగారే ఒక దారి చూపించారు. చేతిపని నేర్పే వేళలో మేము తాటాకు విసనకర్రలు అల్లడం నేర్చుకున్నాం. మృగశిర కార్తె వచ్చినా ఆ ఏడు ఎండ తగ్గలేదు. అవి అల్లి ఊళ్లో అమ్ముకొస్తే బోదకూ బొంగులకూ కప్పేవాళ్ల కూలికీ సర్దుకోవచ్చన్నారు. ఇంకేం, వేళ్లు కోసుకుంటూ అందరం అల్లాం. తలా ఒక వీధి పంచుకుంటే నాకూ పక్కింటి అక్కకూ బజారు వచ్చింది. ఆ అక్క నాకన్నా పెద్దది. మధ్యలో బడి మానేసి మళ్లీ చేరడం వల్ల నా తరగతిలోనే ఉండేది. ఇంటి దగ్గర నోరు విప్పిందంటే ఎదురింటివాళ్లు తలుపులేసుకోవాల్సిందే. బజారులో అడుగు పెట్టాక ఆ నోరు ఏమైపోయిందో ఏమో, ఎంత గిల్లినా మాట పెగల్లేదు.

ఎండ ముదరకముందే అమ్ముకుందామని తెల్లవారగానే బయల్దేరాం. మేము చేసిన తప్పల్లా అదే. మావి సేద్యపు ఇళ్లు. అంగడి తెరిచాక మొదటి బేరం జరిగి, పెట్టెలో బోణీ డబ్బు పడేదాకా వ్యాపారస్తుడు తన చేత్తో కాసు కూడా బయటికి తియ్యడని మాకెవరు చెప్పారు? పెట్టె తాళం తీసి దణ్ణం పెట్టుకుంటున్న మనిషి ఎదుటికి వెళ్లి, బడి కూలిపోయింది, ఒక విసనకర్ర కొనండి అని దీనంగా అడిగాం. ఒకాయన చెయ్యి విదిలించాడు. ఇంకొకాయన పొద్దున్నే దాపురించారని తిట్టాడు. అప్పుడే చల్లిన కళ్లాపి నీళ్లు తొక్కామని ఒకావిడ కేకలేసింది. బజారు ఈ కొసన మొదలుపెట్టి ఆ కొసకు వచ్చేసరికి చేతిలో ఒక్కటీ తగ్గలేదు. ఆ చివరి అంగడి శెట్టితాతది.

అక్క వెనక్కి పోదామని నా చెయ్యి లాగింది. అప్పటికే నాకు ఏడుపూ కోపమూ రెండూ ముంచుకొచ్చి ఉన్నాయి. అందరూ అన్న మాటే ఆయనా అన్నాడు, ఇంకా బోణీ కాలేదు పొమ్మని. నాకెక్కడి తెగువ వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"మాక్కూడా కాలేదు తాతా" అన్నాను.

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. కొడతాడేమోనని అక్క నా వెనక్కి జరిగింది. ఆయన మాత్రం కాసేపు మా ఇద్దర్నీ, మా చంకల్లోని విసనకర్రల్నీ ఎగాదిగా చూసి, అయితే పైకి రండి అన్నాడు. తను కూర్చునే పీట పక్కనే ఒక గోనెపట్టా పరిచి, సరుకు దాని మీద పేర్చమన్నాడు. మంచివి పైన పెట్టి నాసివి కింద దాచబోతుంటే వద్దని, అన్నీ కనపడేట్టు పరవమన్నాడు. బడి కూలిపోయిందని చెప్పి అడగమాకండి, సరుకు పేరు చెప్పండి అన్నాడు. తర్వాత తన తక్కెడ తీసి పక్కన బోర్లించి పెట్టాడు. మొదట ఎవరు వచ్చినా ఆ బేరం మీది, మీకు బోణీ అయినాకే నేను తక్కెడ ఎత్తేది అన్నాడు.

మేమేదో ఆట అనుకున్నాం. ఆట కాదని కాసేపటికే తెలిసింది. బెల్లానికి ఒకామె వచ్చింది. ముందు వీళ్ల దగ్గర చూడమన్నాడు. ఆమె మూతి విరిచి పక్క అంగడికి పోయింది. పప్పులకు వచ్చినాయన కూడా అంతే. వచ్చిన గిరాకీ కళ్లముందే పక్కవాడి గుమ్మం ఎక్కుతుంటే ఆయన భార్య లోపల్నుంచి సణగడం మాకు వినపడుతూనే ఉంది. పొద్దున్నే లక్ష్మిని తోసిపుచ్చుతున్నాడని ఆమె బాధ. ఆయన బోర్లించిన తక్కెడ మీద చెయ్యి వెయ్యలేదు. తాత వ్యాపారం చెడగొడుతున్నాం, పోదాం పదవే అని అక్క గుసగుసలాడింది. నాకూ అలాగే అనిపించి లేవబోయేంతలో, తెలగపిండికని గోనెసంచీ భుజాన వేసుకుని మా నాయన వచ్చాడు.

నేను బజారుకెళ్తున్నట్టు ఇంట్లో తెలియదు. బజారులో అందరూ చూస్తుండగా అంగడి మీద కూర్చున్న కూతుర్ని చూసి మా నాయన మొహం నల్లబడింది.  ఈ దెబ్బతో అయిదో తరగతి మాట అటుంచి, గడప దాటనివ్వరనుకున్నాను. లేచి ఇంటికి పొమ్మన్నాడు. శెట్టితాత అడ్డుపడి, తన అంగట్లో కూర్చున్న వ్యాపారస్తుల్ని లేపే హక్కు ఎవరికీ లేదనీ, ఈ పూట మొదటి బేరం వాళ్లదేననీ చెప్పాడు. నలుగురూ చూస్తున్నారు. మా నాయన పళ్లు బిగించి, మొలలోంచి ఒక అణా తీసి గోనెపట్టా మీద పడేసి, ఇక లెమ్మన్నాడు. విసనకర్ర వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

శెట్టితాత ఆ అణా తీసి మా నాయన చేతిలోనే పెట్టేశాడు.

"ఊరికే ఇచ్చేదానికి వీళ్లేం చెయ్యి చాపినారా అబ్బయ్యా? సరుకు పట్టి చూడు. నచ్చితే కొను. నచ్చకపోతే నచ్చలేదని మొహానే చెప్పు. ఆ మాత్రం మర్యాద నాకు ఇస్తావు గదా, వీళ్లకీ ఇయ్యి."

 మా నాయన ఏమనుకున్నాడో, సంచీ కింద పెట్టి గొంతుక్కూర్చున్నాడు. ఒకటి తీశాడు, పెట్టాడు. ఇంకొకటి తీశాడు. అది నేను అల్లిందే. సేద్యగాడు కదా, తాళ్లు పేని, తట్టలు అల్లే మనిషి, అంచు మీద వేలు పెట్టి, ఈ కుట్టు రెండు రోజులకి ఊడిపోద్ది అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎదురుగా ఉన్నది నాయన అన్న సంగతి కూడా మర్చిపోయి, ఊడనే ఊడదు, చూడు అని పట్టుకుని లాగాను. చక్కగా ఊడి చేతికొచ్చింది.

చుట్టూ ఉన్నవాళ్లు ఒకటే నవ్వు. అక్క మొహం కప్పుకుంది. నేను మాత్రం తల దించుకుని కూర్చోలేదు. అంచు మొత్తం విప్పేసి, నార తడిపి, ముడి ముడికీ పళ్లతో బిగించి మళ్లీ కుట్టాను. మా నాయన లేచి పోలేదు. నా వేళ్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. కుట్టి ఇచ్చాక ఆయనే అంచు పట్టుకుని గట్టిగా లాగి చూశాడు. ఊడలేదు. ఎంతని అడిగాడు. అణా అన్నాను. అర్ధణా ఇస్తానన్నాడు. నేను శెట్టితాత వైపు చూస్తే, ఆయన తనకేమీ సంబంధం లేనట్టు వీధిలోకి చూస్తున్నాడు.

"తగ్గదు నాయనా" అన్నాను. "పని ఎంత ఉండాదో నువ్వే చూసినావు గదా."

మా నాయన అణా తీసి, ఈసారి పడెయ్యలేదు, నా అరచేతిలో పెట్టాడు. శెట్టితాత ఆ అణాను కళ్లకద్దుకోమని నాకు సైగ చేసి, అప్పుడు తన తక్కెడ ఎత్తి తెలగపిండి తూచాడు. ఆ తర్వాత తనూ ఒక విసనకర్ర బేరమాడి కొని లోపల భార్యకు పంపించాడు. మా నాయనకన్నా ఎక్కువ వంకలు పెట్టింది ఆయనే. పొద్దెక్కేసరికి మా సరుకంతా అయిపోయింది. వెళ్తామని చెబితే ఎప్పటిలాగే గడ్డం ఎగరేశాడు.

ఇంటికొచ్చాక మా నాయన ఏం తేలుస్తాడోనన్న భయంతో నేను అన్నం ముట్టలేదు. మరునాడు పొద్దున నన్ను పెరట్లోకి పిలిచాడు. పశువుల కొట్టానికని ఉదయగిరి కొండ వైపు నుంచి తెప్పించి పెట్టుకున్న వెదురు బొంగులు అక్కడ ఉన్నాయి.

"మీ బడి కొట్టానికి బొంగులు కావాల గదా. నా దగ్గర ఉండాయి. ఊరికే ఇయ్యను. ఎంతకడుగుతావో అడుగు" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లు మసకలు కమ్మి బొంగులే కనపడలేదు. మొహం తుడుచుకుని, వంకరగా ఉండాయి, పుచ్చినాయి అంటూ నోటికొచ్చిన వంకలన్నీ పెట్టాను. మా నాయన దిగాడు, ఇంకా దిగాడు. అంత నష్టానికి ఆయన జన్మలో ఏదీ అమ్మి ఉండడు. మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. కొట్టం లేచింది, అయిదో తరగతి చదివాను. ఆపైన చదువుతానన్నప్పుడు కూడా మా నాయన అడ్డం చెప్పలేదు.

వ్యాపారం చేసే ఇళ్లవాళ్లతో స్నేహాలు కలిశాక గానీ, ఆ పొద్దున శెట్టితాత మాకు ఏం ఇచ్చాడో నాకు తెలియలేదు. కావాలంటే మాకు రెండణాలు పారేసి పంపెయ్యలేడా? అలా కాకుండా తన బోణీనే ఇద్దరు ఆడపిల్లలకు వదిలేసి, భార్య తిడుతున్నా, గిరాకీ పోతున్నా, కదలకుండా కూర్చున్నాడు. అంత గౌరవం నాకు ఆ తర్వాత పెద్ద పెద్దవాళ్లు కూడా ఇవ్వలేదు. ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

ఇప్పుడు బడి కోసమని కొవ్వొత్తులో కాగితం పూలో పట్టుకుని పిల్లలు మా ఇంటికి వస్తుంటారు. మా కోడలు ప్రేమగానే ఒక నోటు చేతిలో పెట్టి, అవి మీరే ఉంచుకోండమ్మా అంటుంది. నేను లేచి వచ్చి వాళ్లను కూర్చోబెడతాను. సరుకు తిప్పి తిప్పి చూస్తాను, వంకలు పెడతాను, తగ్గించమంటాను. వెనకున్న తల్లి నన్ను పిసినారి ముసలిదనుకుంటుంది. అనుకోనీ. ఆ పిల్ల ముందు బిక్కమొహం వేసి, తర్వాత నా కళ్లలోకి చూసి తగ్గదు అవ్వా అంటే, అడిగినంతా ఇచ్చి కొనుక్కుంటాను. తల్లి కొంగు పట్టుకుని వచ్చిన పిల్ల, పోయేటప్పుడు తల్లికన్నా ముందు మెట్లు దిగుతుంది. ఊరికే డబ్బిచ్చి మాత్రం ఏ పిల్లనూ ఇంతవరకు పంపలేదు. ఒక పిల్లను అంత తక్కువ చేసి చూడటం నాకు చేతకాదు.