తెల్ల టోపీ ఆవిడ

నాన్న ఫోటో ఫ్రేముకు చెదలు పట్టింది. కొత్తది కట్టిద్దామని అమ్మను వెంటబెట్టుకుని హన్మకొండలో ఒక ఫోటో స్టూడియోకు వెళ్లాను. మా బట్టల కొట్టులో గల్లాపెట్టె పైన తాత, నాన్న దండలతో ఉంటారు. ఆడవాళ్లెవరూ లేరు. నాన్న పోయిన నాటి నుంచి అమ్మ కెమెరా ముందుకు రావడమే మానేసింది. నా కూతురి పెళ్లి ఆల్బం మొత్తం తిరగేస్తే ఆమె మోచేయి ఒక్కటి దొరికింది, చేతిలో స్టీలు గ్లాసుతో. నాకెంత కోపం వచ్చిందంటే ఆ ఆల్బం మళ్లీ తెరవలేదు. రేపు ఈమె లేకపోతే నా మనవలకు ఆ మోచేయి చూపించాలా?

స్టూడియో గోడకు ఫ్రేముల నమూనా కోసం ఒక పెద్ద బొమ్మ తగిలించారు. పాతకాలపు అమెరికా ఆయిల్ పెయింటింగ్‌కు ప్రింటు అది. నల్ల పట్టు గౌనులో ఒక కలిగినింటి ఆవిడ ఎర్ర కుర్చీలో నిటారుగా కూర్చుంది. గీసినవాడికి చేతులు గీయడం రాదు, వేళ్లు అరటిపళ్లలా వచ్చాయి. తల మీది తెల్ల లేసు టోపీని మాత్రం పోగుపోగూ కనిపించేలా గీశాడు. ఆవిడ చూపు సూటిగా మన మీదే ఉంటుంది. చూడండి అని బతిమాలడం లేదు, చూడక ఎక్కడికి పోతారులే అన్న ధీమా.

అమ్మ ముందు బట్ట చూసింది. "అసలు పట్టే. మెరుపు జూడు ఎట్లున్నదో," అంది. తర్వాత మొహం దగ్గర ఆగిపోయింది. బొట్టు లేదు. మెడ బోసి. తల మీద తెల్ల గుడ్డ.

"అయ్యో, మొగడు పోయిండు పాపం." బొమ్మను మళ్లీ చూసి, "అయినా సుత ఎంత దర్జాగ కూసున్నది! ఎవ్వలేమనలేదా బిడ్డా?" అంది.

"ఏమంటరమ్మా? అన్నా ఆమె ఇనేటట్టున్నదా?"

అమ్మ నవ్వలేదు. కొంగు సర్దుకుని స్టూడియో అతన్ని పిలిచింది. "తమ్మీ, నాది సుత ఒకటి తీస్తవా?"

అతను లైట్లు వేయడానికి లోపలి గదిలోకి వెళ్లాడు, అమ్మ అతని వెనకే వెళ్లింది. నేను ఊరికే నిలబడలేక బొమ్మ కింద ఉన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు చదివాను. వ్యాపారి భార్య అని ఉంది. ఆ కాలంలో అక్కడ పెళ్లయిన ఆడవాళ్లు అలాంటి తెల్ల టోపీ పెట్టుకునేవారట. అంటే మన లెక్కలో నిండు ముత్తైదువ.

ఫోటో అయ్యేదాకా నోరు మూసుకుందామనుకున్నాను. కానీ పాలియెస్టర్‌ను పట్టు అని చెప్పి అమ్మితే ఊరుకోనని నన్ను పెంచిన మనిషి ఆమె. ఇన్నాళ్లకు దిగుతున్న ఆ ఒక్క ఫోటో పొరపాటు మీద దిగడం నాకు మనసొప్పలేదు. లోపలికెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

స్టూలు మీద కూర్చున్న అమ్మ మొహం చిన్నబోయింది. లేచి వెళ్లిపోతుందేమోనని భయమేసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అంటే, ఆమె మొగడు ఉన్నడా?"

"ఉన్నడమ్మా."

"మరి మనోళ్లల్ల మొగడు పోయినంక ఇట్ల కూసున్నోళ్లు ఎవ్వలన్న ఉన్నరా?"

"నాకు తెల్సినంతల ఎవ్వలు లేరు."

అమ్మ స్టూలు మీద నిటారుగా సర్దుకుని కెమెరా వైపు తిరిగింది.

"అయితే ఇగ నన్ను జూసి కూసుంటరు. కానియ్యి తమ్మీ."