బండిని చెప్పనీ

కల్లూరులో మా పాత జీపుకు కొత్త డీజిల్ ఇంజను బిగించిన మేస్త్రీకి ఒక అలవాటుండేది. బండికేమైందో మనం చెప్పబోతే చెయ్యెత్తి ఆపేవాడు. "నువ్వు చెప్పొద్దప్పా, బండిని చెప్పనీ" అంటూ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని కళ్లు మూసుకునేవాడు.

జీపు మా నాయనది. దాన్ని నా చేతికిచ్చిన రోజు మేస్త్రీ ఒక్కటే చెప్పాడు. "ఇంజను కొత్తదే గానీ గేర్‌బాక్సు పాతదే. దీని బలం అది ఓర్చుకోలేదు. బరువులు కట్టి గుంజొద్దు."

నెల తిరక్కముందే స్నేహితులతో పందెం వేసుకొని, ఆత్మకూరు దగ్గర వాగు ఇసుకలో దిగబడిన ట్రాక్టరును జీపుకు కట్టి లాగాను. ట్రాక్టరు కదిలింది. జీపు లోపల ఏదో ఫట్‌మని విరిగింది.

షెడ్డులో మేస్త్రీ గేర్‌బాక్సు విప్పుతుంటే నాయన పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. పళ్లు రాలిన గేరు చక్రాన్ని మేస్త్రీ అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూశాడు. తర్వాత, ఎన్నడూ లేనిది, నన్ను అడిగాడు.

"నువ్వు చెప్పప్పా. ఏమయింది?"

"ఏం కాలేదు. మామూలుగా పోతాంటే ఇరిగిపాయ."

ఆయన ఆ చక్రాన్ని నాయనకు కనపడకుండా గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు.

"తప్పు నాదేనన్నా. సరిగ్గా బిగియ్యల్యా" అన్నాడు నాయనతో.

నాయన ఆ మాట కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు. ఆ షెడ్డు ముందు బండ్లు ఆగడం తగ్గిపోయింది. నేను నోరు విప్పలేదు.

చక్రం చేతికి రాగానే బండి ఆయనకు అంతా చెప్పేసే ఉంటుంది. అయినా నన్ను అడిగాడు.